మణికట్టులో లేని తాడు

శౌరయ్య వేలు తెగింది హనుమాన్ జంక్షన్‌లో. 1973 వేసవి. ఏలూరు దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి వాయించి బ్యాండువాళ్లంతా బెజవాడ తిరిగి వస్తున్నారు. జంక్షన్‌లో బస్సు ఆగితే టీ తాగడానికి దిగారు. అందరూ ఎక్కకముందే డ్రైవరు బండి కదిలించాడు. శౌరయ్య గ్లాసు బల్ల మీద పెట్టి పరుగెత్తబోయాడు. పారబోసిన నీళ్లలో కాలు జారింది. పడిపోకుండా టీ కొట్టు చూరుకి ఉన్న రేకు అంచు పట్టుకున్నాడు. ఎడమచేతి ఉంగరపు వేలు లోపలివైపు, మొదలు దగ్గర లోతుగా తెగింది.

ఆ ఊళ్లోనే ఒక కాంపౌండరు నాలుగు కుట్లు వేసి పంపాడు. పది రోజుల్లో గాయం మానిపోయింది. వేలు మాత్రం వంగలేదు. నాలుగు వేళ్లూ ముడిస్తే మూడే ముడుచుకునేవి. ఉంగరపు వేలు ఎవరినో చూపిస్తున్నట్టు నిటారుగా నిలబడేది.

అప్పటికి శౌరయ్యకి ముప్పై నాలుగేళ్లు. గుణదలలో కాపురం. భార్య తెరేసమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. పదిహేనేళ్లుగా మరియదాసు బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాడు. బ్యాండులో పాట పాడేది క్లారినెట్టే, మిగతావన్నీ దాని వెనక నడుస్తాయి. ఊరేగింపు ఆగినచోట జనం చుట్టూ మూగి చూసేది అతని వేళ్లనే. అది అతనికి ఇష్టం. ఆ చూపు ఒక్క క్షణం డ్రమ్ములవాడి మీదకి మళ్లినా ఓర్చుకోలేకపోయేవాడు. ఈ మాట నేను కల్పించి రాస్తున్నది కాదు. వాళ్ల పక్క వాటాలో మేం ఆరేళ్లు అద్దెకున్నాం. ఈ కథంతా శౌరయ్య తనే చెప్పాడు, తన తప్పు దాచుకోకుండా.

వంగని వేలితో క్లారినెట్ పడితే మూడో రంధ్రం సరిగా మూసుకునేది కాదు. గాలి పక్కనుంచి పోయి స్వరం చీలిపోయేది. రెండు పెళ్లిళ్లు చూసి మరియదాసు అతని చేతికి కంచు తాళాలిచ్చాడు.

"వేలు బాగయ్యేదాకాలే శౌరయ్యా, మనసులో పెట్టుకోకు" అన్నాడు.

శౌరయ్య మనసులోనే పెట్టుకున్నాడు. పాట వేరేవాడు వాయిస్తుంటే వెనక నిలబడి తాళాలు కొట్టడం అతని వల్ల కాలేదు. కాలవ పక్కన మిషనాసుపత్రిలో, మద్రాసులో చేతి ఆపరేషన్లు నేర్చుకొచ్చిన కృపానందం అనే డాక్టరున్నాడని విని వెళ్లాడు.

డాక్టరు వేలిని అటూ ఇటూ కదిపి చూశాడు.

"నరం తెగిందాండి?" అని అడిగాడు శౌరయ్య.

"అందరూ నరమనే అంటారు. నరం వేరు, అది కబురు మోస్తుంది. నీకు తెగింది తాడు. పుస్తకాల్లో స్నాయువంటారు. వేలిని ముడిచే కండ వేల్లో ఉండదయ్యా, ఇదిగో ఈ ముంజేతిలో ఉంటుంది. అక్కణ్ణించి తెల్లటి తాళ్లు మణికట్టు దాటి, అరచేతిలోంచి పోయి ఒక్కో వేలి ఎముకని పట్టుకుంటాయి. కండ లాగితే తాడు లాగుతుంది, వేలు వంగుతుంది. నీ కండ బాగానే ఉంది, ఎముకా బాగానే ఉంది. రెంటికీ మధ్య కట్టు తెగిపోయింది. ఇన్నాళ్లయింది గనక కొసలు ముడుచుకుపోయుంటాయి, కలిపి కుట్టడానికి అందవు. ఇంకో తాడు తెచ్చి వెయ్యాలి."

"ఎక్కణ్ణించి తెస్తారండి?"

"నీ ఒంట్లోంచే. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు కాస్త లోపలికి వంచు."

శౌరయ్య వంచాడు. డాక్టరు మణికట్టు మీద వేలితో తడిమాడు. రెండో చెయ్యి కూడా వంచమన్నాడు. అదీ తడిమి, "నీకు లేదే" అన్నాడు.

"ఏది లేదండి?"

"ఇక్కడ మధ్యలో సన్నటి తాడొకటి ఉంటుంది చాలామందికి. అది తీసేసినా చేతికేం కాదు. అందుకని దాన్నే తీసి వేలికి వేస్తాం. కొంతమందికి పుట్టుకతోనే ఉండదు. నీకు రెండు చేతులకీ లేదు. ఫరవాలేదు, కాలివేలి తాడు తీసి వేద్దాం. అదీ ఇంతే బాగా పని చేస్తుంది."

ఇంతలో పక్క మంచం మీద కూర్చున్న మనిషి తన చెయ్యి అలాగే వంచి చూసుకున్నాడు. మణికట్టు మధ్యలో తీగ లాగి కట్టినట్టు ఒక తాడు పైకి లేచింది. రెండో చేతికీ లేచింది.

"నాకు రెండున్నయ్యండోయ్ డాక్టరుగారూ!" అని నవ్వాడు.

అతని పేరు తిరుపతిరావు. చల్లపల్లి దగ్గర పల్లెటూరు, పొలాలున్న కుటుంబం. తోటలో కొబ్బరిబొండాం కొడుతుంటే కత్తి జారి అతనికీ ఎడమచేతి ఉంగరపు వేలే తెగింది. వయసులో శౌరయ్య కంటే ఐదారేళ్లు చిన్న.

ముప్పై నాలుగేళ్లుగా ఆ తాడు లేదని శౌరయ్యకి తెలియదు. ఒక్కరోజూ దానితో అవసరం పడలేదు. తెలిసిన దగ్గర్నుంచి ఎవరు కనపడినా వాళ్ల మణికట్టే చూసేవాడు. పాలు పోసే మనిషి చెంబు వంచినప్పుడు చూశాడు. ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాక, వార్డు ఊడ్చే మనిషి చీపురు బిగించినప్పుడు చూశాడు. ఆదివారం ఫాదరుగారు వార్డులో ఉన్న క్రైస్తవులకి సత్ప్రసాదం ఇవ్వడానికి వస్తే, కళ్లు మూసుకుని నోరు తెరవాల్సింది పోయి ఆయన చేతివంకే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకీ ఉంది.

తెరేసమ్మ గంజి పట్టుకుని వస్తే ముందు చెయ్యి వంచమన్నాడు. తాడు టక్కున లేచింది.

"నీకు రెండు చేతులకీ ఉందే!" అన్నాడు, ఆవిడేదో దాచిపెట్టినట్టు.

"ఉంటే ఏంటయ్యా? అంట్లు తోమడానికి పనికొస్తందా?"

"నాకు లేదు."

"లేకపోతే కాలిది తీస్తానన్నారుగా డాక్టరుగారు. గంజి చల్లారిపోతంది, తాగు."

ఇద్దరికీ ఒకేరోజు ఆపరేషన్ చేశారు. తిరుపతిరావుకి మణికట్టు దగ్గర చిన్న కోత, వేలికి కోత. శౌరయ్యకి వేలితోబాటు పాదం మీద కూడా. మర్నాడే తిరుపతిరావు చెయ్యి మెడకి కట్టుకుని వరండాలో తిరుగుతుంటే, శౌరయ్య కాలికీ చేతికీ కట్లతో మంచం మీద కూర్చుని చూశాడు. ఆ మనిషి నడక చూస్తే ఒళ్లు మండేది.

మండడానికి తిరుపతిరావు చేసిందేమీ లేదు. మంచివాడు, కలుపుగోలు మనిషి. తనే వచ్చి పక్కన కూర్చునేవాడు. "నీ క్లారినెట్ ఎప్పుడు వింటానా అని ఉంది శౌరయ్యా" అనేవాడు. ఒకసారి మాటల్లో, "నా వేలు వంగినా ఒకటే వంగకపోయినా ఒకటే. గట్టు మీద నుంచుని పనివాళ్లని కేకలెయ్యడానికి వేలెందుకు? నీకైతే అదే బతుకు" అన్నాడు. జాలిగానే అన్నాడు. శౌరయ్యకి ఆ మాట ముల్లులా దిగింది. వేలితో పనిలేనివాడికి రెండు తాళ్లు, తనకి ఒక్కటీ లేదు.

తిరుపతిరావు తల్లి మాణిక్యమ్మ రెండు రోజులకోసారి మొదటి బస్సుకి క్యారియర్ పట్టుకుని వచ్చేది. కొడుక్కి స్టీలు కంచంలో పెట్టి, శౌరయ్యకి విస్తరాకులో పెట్టేది. పప్పు, గోంగూర, గడ్డపెరుగు, ఏదీ తక్కువ చేసేది కాదు. "తిను నాయనా, కుట్లు గట్టిపడాలి" అనేది. శౌరయ్య తింటూ ఆ స్టీలు కంచం వంక చూసేవాడు. వార్డులో ఎవరికి పెట్టినా ఆవిడ విస్తరాకులోనే పెట్టేదని అతనికి చాలా రోజుల తర్వాత తోచింది. అప్పుడు తోచలేదు.

మూడు వారాలకి ఇద్దరికీ పిండికట్లు విప్పారు. వ్యాయామాలు చేయించే నర్సు రూతు వచ్చింది. గంటగంటకీ పదిసార్లు వేలిని రెండో చెయ్యి సాయం లేకుండా మెల్లగా ముడవాలి, చాపాలి. అంతే.

"దేన్నీ గట్టిగా పట్టుకోవద్దు. బకెట్ ఎత్తడం, తలుపు లాగడం, అసలే వద్దు. లోపల తాడుకి రెండు కొసలా కుట్లేశారు. అవి ఇంకా పచ్చిగానే ఉన్నయ్. ఇంకో ఆరువారాలకి గాని ఒంట్లో కలవదు" అని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

రోజూ సాయంత్రం రూతు చిన్న స్కేలు పెట్టి, వేలు ముడిచినప్పుడు దాని కొసకీ అరచేతికీ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచేది. మంచానికి వేలాడే అట్ట మీద రాసేది. మొదటిరోజు ఇద్దరికీ రెండంగుళాల పైనే. వారానికి తిరుపతిరావుది అంగుళానికి వచ్చింది. శౌరయ్యది ఒకటిన్నర. ఇంకో నాలుగు రోజులకి అతనిది అర అంగుళం, ఇతనిది ఒకటింబావు. తిరుపతిరావు వరండాలోకి వెళ్లగానే శౌరయ్య కుంటుకుంటూ పోయి ఆ అట్ట తిప్పి చదివేవాడు.

"నాది ఎందుకు రావట్లేదమ్మగారూ? కాలి తాడు గనకేనా?" అని రూతుని అడిగాడు.

"ఎందుకు రావట్లేదు? వస్తానే ఉంది. మొన్నటికీ ఇవాళ్టికీ పావంగుళం తగ్గలా?"

"రావుగారిది ముందొచ్చిందిగా."

"ఒక్కో ఒళ్లు ఒక్కోలాగ మానుద్ది శౌరయ్యా. ఆయన చేతి వంక చూడటం మానేసి నీ చెయ్యి చూసుకో."

ఆ శనివారం రూతు చెల్లెలి నిశ్చితార్థమని మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే తిరుపతిరావు వేలికొస అరచేతికి తగిలింది. "తగిలింది! తగిలిందిరోయ్!" అని అరిచాడు. వార్డంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. శౌరయ్య కూడా కుడిచేత్తో తొడ మీద తట్టాడు. తట్టి లేచి, వెనక వరండాలోకి వెళ్లాడు.

అక్కడ కిటికీకి ఇనప ఊచలున్నాయి. ఎడమచేతి వేళ్లు నాలుగూ ఒక ఊచ చుట్టూ వేశాడు. ఉంగరపు వేలు సగమే ముడుచుకుంది. ఇంకాస్త బిగించాడు. రూతు మాట గుర్తుందా అని నేనడిగితే, "ఎందుకు లేదు మాస్టారూ, చెవిలోనే ఉంది. కానీ ఆ చప్పట్లు దానికన్నా గట్టిగా వినపడుతున్నయ్" అన్నాడు. ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగాడు.

అరచేతిలో పటుక్కుమంది. నొప్పి పెద్దగా లేదు. దారం తెగినట్టు, లోపల ఏదో మణికట్టు వైపు జారిపోయినట్టు తెలిసింది. వేలు ఊచ మీంచి జారి నిటారుగా నిలబడింది. ముడవబోయాడు. మిగతా వేళ్లు ముడుచుకున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. గంటగంటకీ అందరికీ వీపు పెట్టి కూర్చుని, కుడిచేత్తో ఆ వేలిని వంచుతూ వ్యాయామం చేస్తున్నట్టు కనపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే తిరుపతిరావు పళ్లు తోముకోవడానికి కుళాయి దగ్గరికి వచ్చాడు. శౌరయ్య అప్పటికే అక్కడున్నాడు. సగం నిండిన బకెట్ ఒకటి కుళాయి కింద ఉంది.

"రావుగారూ, మీకు పూర్తిగా వచ్చేసినట్టేగా?" అన్నాడు శౌరయ్య.

"వచ్చినట్టేరా అబ్బాయ్. ఇంకేం కావాలి!"

"అయితే ఆ బకెట్ ఎత్తి చూడండి. సగమేగా. మీ వేలికేం భయం?"

తిరుపతిరావు ఒక్కక్షణం ఆలోచించాడు. తర్వాత నవ్వి, ఎడమచేతి వేళ్లు బకెట్ పిడి చుట్టూ వేశాడు. శౌరయ్య ఆపలేదు. అతను వంగి ఆ చేతి దగ్గర చెవి పెట్టినట్టు నిలబడ్డాడు. పటుక్కుమనే చప్పుడు కోసం.

బకెట్ లేచింది. జానెడెత్తు లేచి, ఒక్కక్షణం ఊగి, కిందకి దిగింది. ఏ చప్పుడూ కాలేదు.

"చూశావా!" అన్నాడు తిరుపతిరావు, మొహం వెలిగిపోతూ. "నువ్వు చెప్పబట్టి ధైర్యం చేశా."

శౌరయ్య ఆ రోజంతా ఏమీ తినలేదు. తన వేలు పోయినందుకు కాదు. తను చెవి ఒగ్గి నిలబడినందుకు.

రూతు సెలవు నుంచి రాగానే స్కేలు తీసింది. శౌరయ్య చెయ్యి పట్టుకుని ముడవమంది. ఇంకోసారి ముడవమంది. వేలి మొదలు నొక్కి చూసి, స్కేలు జేబులో పెట్టేసుకుంది.

"ఏం చేశావ్?"

శౌరయ్య తల దించుకున్నాడు. "కిటికీ ఊచ పట్టుకుని లాగానమ్మగారూ."

"ఎప్పుడు?"

"శనివారం మధ్యాహ్నం. రావుగారిది తగిలిందని అందరూ చప్పట్లు కొట్టాక."

పక్క మంచం మీద పేపరు చదువుతున్న తిరుపతిరావు పేపరు దించాడు.

"శనివారమే తెగిందా? మరి ఆదివారం పొద్దున నాచేత బకెట్ ఎత్తించావే?"

శౌరయ్య ఎడమచెయ్యి దుప్పటి కిందకి లాక్కున్నాడు.

"నాదీ తెగాలనా?"

"అవునండి" అన్నాడు శౌరయ్య.

రూతు నోటిమీద చెయ్యి వేసుకుంది. తిరుపతిరావు తిట్టలేదు, కొట్టడానికి లేవలేదు. పేపరు మడిచి తలకింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం మాణిక్యమ్మ వచ్చింది. అలవాటుగా శౌరయ్య ముందు విస్తరాకు వేసింది. ఇప్పుడు చెబుతాడని శౌరయ్య తిరుపతిరావు వంక చూశాడు. తిరుపతిరావు చెప్పలేదు. కంచం ముందుకి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. "తిను నాయనా, అట్టా చూస్తావేం?" అని ఆవిడ పెరుగు ఇంకో గరిటె వేసింది. ఆ అన్నం మింగడం కన్నా ఆవిడ చేత్తో చెంపదెబ్బ తినడం సుఖంగా ఉండేదని శౌరయ్య నాతో అన్నాడు. వారం తర్వాత తిరుపతిరావు ఇంటికి వెళ్లిపోయాడు. అన్ని రోజులూ శౌరయ్యతో ఒక్క మాటా మాట్లాడలేదు.

డాక్టరు కోపగించుకోలేదు. "మళ్లీ వెయ్యొచ్చు. ఆరునెలలు ఆగి రావాలి. కానీ ఈసారి లోపలంతా మచ్చ కడుతుంది. ముందంత బాగా రాదు, అసలు రాకపోవచ్చు" అన్నాడు.

శౌరయ్య వద్దన్నాడు. ఇంటికి వెళ్లాక ఊచ సంగతీ బకెట్ సంగతీ రెండూ తెరేసమ్మకి చెప్పాడు. ఆవిడ ముందున్న అంట్లన్నీ తోమి బోర్లించింది. ఆఖరికి, "ఊచ నీ కర్మ. బకెట్ మాత్రం వెళ్లి చెప్పుకోవాల" అంది.

వెళ్లలేదు. చల్లపల్లి బస్సు ఎక్కుదామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాడు.

క్లారినెట్ ఇక రాదని తేలాక మరియదాసు ఇంటికి వచ్చాడు. చంకలో పాత ట్రంపెట్ ఉంది.

"దీనికి కుడిచేతి మూడు వేళ్లు చాలు. ఎడమచెయ్యి ఊరికే పట్టుకోవడమే" అన్నాడు.

"ముప్పై అయిదేళ్లకి అక్షరాలు దిద్దమంటావా మరియదాసన్నా?"

"దిద్దకపోతే మానెయ్. తాళాలు ఎట్టాగూ ఉన్నయ్."

దిద్దాడు. మొదటి నాలుగు నెలలు పెదవులు వాచి అన్నం కారంగా తినలేకపోయాడు. మా వాటాకీ వాళ్ల వాటాకీ మధ్య ఒక్కటే గోడ. ఆ రోజుల్లో ఆ ట్రంపెట్ గేదె అరిచినట్టు అరిచేది. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకునేది. ఏడాదికి బ్యాండులో నిలబడగలిగాడు. రెండేళ్లకి బాగా వాయించాడు, అద్భుతంగా అనను.

1976లో చల్లపల్లిలో ఒక పెళ్లికి బ్యాండు కుదిరింది. విడిదింటి ముందు వాయించి నీడలోకి వచ్చి కూర్చుంటే, పందిట్లోంచి తిరుపతిరావు వచ్చాడు. పెళ్లికూతురు అతని మేనకోడలట. శౌరయ్య లేచి నిలబడ్డాడు.

"వాద్యం మార్చావే" అన్నాడు తిరుపతిరావు.

"మారిందండి. దీనికి ఎడమచేత్తో పనిలేదు."

తిరుపతిరావు తన ఎడమచెయ్యి ముందుకి చాపాడు. ఉంగరపు వేలు కొంకిలాగా వంగి ఉంది. "ఇంటికెళ్లాక వ్యాయామం మానేశా. తాడు లోపల అతుక్కుపోయిందన్నారు. ముడుచుకుంటుంది గానీ చాపుకోదు. షేక్ హ్యాండిస్తే అవతలివాడి అరచేతిలో గీరుకుంటుంది."

శౌరయ్య ఆ వేలి వంకే చూశాడు.

"ఏం, కడుపు చల్లబడిందా?" అన్నాడు తిరుపతిరావు.

"ఒక్క నిమిషం చల్లబడిందండి. మీ దగ్గర అబద్ధమెందుకు?"

గట్టిగా ఉన్న తిరుపతిరావు మొహం కాస్తా సడలింది. నవ్వు ఆపుకోలేకపోయాడు.

శౌరయ్య నవ్వలేదు. "ఆ బకెట్ సంగతి తప్పయిపోయిందండి. ఆనాడే చెప్పాల్సింది. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చాను. ఎక్కలేకపోయాను."

"అమ్మకి చెప్పలేదు నేను. చెబితే నీకు పెట్టిన అన్నం తలుచుకుని బాధపడేది" అన్నాడు తిరుపతిరావు. ఇంకేదో అనబోయి, లోపలినుంచి ఎవరో పిలిస్తే, "భోంచేసి గాని కదలొద్దు, అందరూ" అని వెళ్లిపోయాడు. క్షమించానని అనలేదు. శౌరయ్య అడగనూ లేదు.

ఇంటికొచ్చి చెబితే తెరేసమ్మ, "అమ్మయ్య, చెప్పుకున్నావు గదా" అంది.

మేం ఆ వాటా ఖాళీ చేసింది 1979లో. సామాను బండిలోకి ఎక్కిస్తుంటే శౌరయ్య మంచాల కోళ్లు పట్టాడు, నిటారుగా నిలిచిన ఆ వేలిని పక్కకి తప్పిస్తూ. ఇప్పటికైనా అసూయ పోయిందా అని నవ్వుతూ అడిగాను.

"ఎక్కడికి పోతది మాస్టారూ? మొన్న గుణదల తిరనాళ్లలో కొత్త కుర్రోడు క్లారినెట్ వాయిస్తంటే కడుపులో భగ్గుమంది. అయితే పక్కనే నుంచుని నా పాట నేను వాయించా. వాడు ఒకచోట తప్పబోతే, ఏ రంధ్రం ముయ్యాలో ఈ వేలితోనే చూపించి సర్దా కూడా" అన్నాడు. తర్వాత ఆ రోజు మధ్యాహ్నం పామర్రులో పెళ్లుందని, బస్సు తప్పిపోతుందని, చొక్కా మార్చుకోవడానికి లోపలికి పరుగెత్తాడు.